కోళ్ల లిట్టరును కంపోస్టు చేసి రోగాలను అరికట్టే విధానం

బ్యాచ్ కోళ్లు లారీ ఎక్కిన తర్వాత షెడ్డులో మిగిలేది లిట్టరు. వరి ఊక లేదా రంపపు పొట్టు, రెట్ట, ఈకలు, ఒలికిన దాణా, నీరు కలిసిన ఈ పదార్థంలో పంటకు పనికొచ్చే పోషకాలు చాలా ఉంటాయి. ఆ బ్యాచ్‌లో ఏ రోగం తిరిగితే ఆ రోగక్రిములు కూడా అందులోనే ఉంటాయి. చాలామంది రైతులు లిట్టరును షెడ్డు పక్కనే గుట్టగా పోసి, కొనేవారు వచ్చేవరకు అలాగే వదిలేస్తారు. నెల రోజులు ఉంది కాబట్టి మాగిపోయిందని అనుకుంటారు. అయితే గుట్టగా పోయడం వేరు, కంపోస్టు చేయడం వేరు. గుట్ట మధ్యలో వేడి పుట్టినా, పైన, పక్కన ఉన్న పదార్థం చల్లగానే ఉంటుంది. ఆ చల్లని పొరలో మిగిలిన క్రిములే తర్వాతి బ్యాచ్‌కు, పక్క రైతు కోళ్లకు చేరతాయి. లిట్టరులోని ప్రతి భాగానికీ తగినంత వేడి తగిలేలా చూడటమే కంపోస్టు విధానంలో అసలు విషయం. పెద్ద ఖర్చు లేకుండా ఆ పని ఎలా చేసుకోవచ్చో ఇక్కడ తెలుసుకుందాం.

లిట్టరు ద్వారా రోగాలు ఎలా వ్యాపిస్తాయి

కొక్కెర రోగం, బర్డ్ ఫ్లూ, గంబోరో వ్యాధి వైరస్‌లు, సాల్మొనెల్లా, ఈ.కోలి బ్యాక్టీరియా, రక్తపారుడు కలిగించే కాక్సిడియా క్రిములు రోగం సోకిన కోళ్ల రెట్టలో బయటికి వస్తాయి. ఎండకు ఆరిన చోట కొన్ని త్వరగా చనిపోతాయి. తడిగా, నీడగా, చల్లగా ఉన్న చోట ఎక్కువ కాలం బతుకుతాయి. గంబోరో వైరస్ ఖాళీ షెడ్డులో కూడా నెలల తరబడి నిలిచి ఉంటుంది.

ఈ క్రిములు పచ్చి లిట్టరు నుంచి కోళ్లకు చేరే దారులు ఇవి:

- లిట్టరు ఎత్తిన పార, తట్ట, చెప్పులు, ట్రాక్టరు టైర్లు.
- ఒక ఫారం నుంచి మరో ఫారానికి తిరిగే వ్యాపారుల లారీలు, పాత గోనె సంచులు.
- ఈగలు. వేసవి వాతావరణంలో ఈగ గుడ్డు 7 నుంచి 10 రోజుల్లోనే ఈగగా మారుతుంది. తడి లిట్టరు వాటికి మంచి పుట్టిల్లు.
- ఎలుకలు, కుక్కలు, కాకులు, కొంగలు, గుట్టను గీరుకుని తినే పెరటి కోళ్లు.
- వాన నీరు. గుట్ట మీద నుంచి పారిన నీరు బావికి, కుంటకు, షెడ్డు ముందుకు చేరుతుంది.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు రైతులు ఎంత నష్టపోయారో అందరికీ తెలుసు. అలాంటి రోగం వచ్చాక చేయగలిగింది తక్కువ. రాకముందు మన చేతిలో ఉన్న జాగ్రత్తల్లో లిట్టరును సరిగా కంపోస్టు చేయడం ఒకటి.

వేడి ఎంత ఉండాలి

గడ్డి, లిట్టరు, నీరు, గాలి తగిన పాళ్లలో కలిస్తే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వాటి పని వల్లే కుప్పలో వేడి పుడుతుంది. రెండు మూడు రోజుల్లో కుప్ప లోపల 55 నుంచి 65 డిగ్రీల సెంటీగ్రేడు వేడి వస్తుంది.

- బర్డ్ ఫ్లూ, కొక్కెర రోగం వైరస్‌లు 56 డిగ్రీల వద్ద సుమారు 3 గంటల్లో, 60 డిగ్రీల వద్ద అరగంటలో నశిస్తాయి.
- సాల్మొనెల్లా, ఈ.కోలి 55 నుంచి 60 డిగ్రీల వేడిని ఎక్కువసేపు తట్టుకోలేవు.
- కాక్సిడియా గుడ్లు, ఈగ గుడ్లు, పురుగులు, కలుపు విత్తనాలు కూడా ఈ వేడికి చాలావరకు చనిపోతాయి.

కుప్పలో వేడి అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అందుకే గంటల లెక్క సరిపోదు, రోజుల లెక్క పాటించాలి. ఆరుబయట పొడవుగా వేసే కుప్పలకు అమెరికాలో అమల్లో ఉన్న ప్రమాణం ప్రకారం 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు వేడి నిలవాలి, ఆ 15 రోజుల్లో కనీసం 5 సార్లు కుప్పను తిరగేయాలి. మనం కూడా ఈ లెక్కనే పెట్టుకోవడం మంచిది.

వేడికి లొంగనివి కూడా ఉన్నాయి. గంబోరో వైరస్ 60 డిగ్రీల వద్ద అరగంట గడిచినా బతకగలదు. కాబట్టి గంబోరో వచ్చిన షెడ్డు లిట్టరును కంపోస్టు చేసినా కోళ్ల దగ్గరికి మళ్లీ రానివ్వకూడదు. చచ్చిన కోళ్ల కళేబరాల్లో పెరిగే బొటులిజం క్రిమి గింజలు కంపోస్టు వేడికి చావవు. ఈ విషం పశువులకు, గొర్రెలకు పక్షవాతం తెచ్చి చంపుతుంది. అందువల్ల లిట్టరును పశువుల దాణాలో కలపకూడదు, కళేబరాలను లిట్టరు కుప్పలో వేయకూడదు.

స్థలం ఎంపిక

- షెడ్డుకు వీలైనంత దూరంగా, గాలి కుప్ప వైపు నుంచి షెడ్డు వైపు వీచని దిక్కులో స్థలం చూసుకోవాలి. చిన్న కమతంలో కనీసం 100 అడుగుల దూరమైనా ఉంచాలి.
- బావి, బోరు, కాలువ, చెరువు దగ్గర వేయకూడదు.
- నీరు నిలవని మెరక స్థలం కావాలి. నేలను దిమ్మిసతో గట్టి చేసి, చుట్టూ అడుగు ఎత్తు మట్టి గట్టు వేసుకోవాలి. కుప్ప నుంచి నీరు బయటికి పోకూడదు, బయటి వాన నీరు లోపలికి రాకూడదు.
- పైన తాటాకు పందిరి గానీ రేకులు గానీ ఉంటే మంచిది. లేకపోతే వాన వచ్చినప్పుడు కప్పడానికి టార్పాలిన్ పట్టా సిద్ధంగా ఉంచుకోవాలి.
- చుట్టూ పాత చేపల వల కట్టినా పెరటి కోళ్లు, కుక్కలు రాకుండా ఉంటాయి.

షెడ్డు ఖాళీ చేసేటప్పుడు

1. ముందుగా చచ్చిన కోళ్లను ఏరి, వేరుగా లోతైన గోతిలో పూడ్చాలి. కుక్కలు తవ్వకుండా పైన సున్నం చల్లి, మట్టి గట్టిగా కప్పాలి.
2. లిట్టరు మీద కొద్దిగా నీరు పిచికారి చేయాలి. దుమ్ము లేస్తే క్రిములు దానితో పాటు గాలిలోకి వెళ్తాయి. పని చేసేవారి ఊపిరితిత్తులకూ హాని.
3. మాస్కు, చేతి తొడుగులు, బూట్లు తప్పనిసరిగా వేసుకోవాలి. పిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని ఈ పనికి పెట్టవద్దు.
4. డ్రింకర్ల కింద గడ్డకట్టిన లిట్టరును పగలగొట్టాలి. గడ్డల లోపలికి గాలి, వేడి సరిగా చేరవు.
5. తరలించేటప్పుడు దారిలో ఒలకకుండా పైన పట్టా కప్పాలి. ఒలికినది అప్పుడే ఊడ్చి కుప్పలో వేయాలి.
6. కుప్ప పనికి పార, తట్ట, బూట్లు వేరుగా ఉంచుకోవాలి. వాటికి రంగు పూసి గుర్తు పెట్టుకుంటే పొరపాటున షెడ్డులోకి రావు.
7. మరో షెడ్డులో కోళ్లు ఉంటే వాటి పని పొద్దున్నే ముగించుకుని, ఆ తర్వాతే లిట్టరు పని మొదలుపెట్టాలి. లిట్టరు పని అయ్యాక స్నానం చేసి, బట్టలు మార్చుకోకుండా కోళ్ల దగ్గరికి వెళ్లకూడదు.

కలపాల్సిన పాళ్లు

లిట్టరులో నత్రజని ఎక్కువ, కర్బనం తక్కువ. బ్రాయిలర్ లిట్టరులో ఒక పాలు నత్రజనికి సుమారు 10 నుంచి 15 పాళ్ల కర్బనం ఉంటుంది. కంపోస్టు బాగా జరగాలంటే అది 25 నుంచి 30 పాళ్లు ఉండాలి. కనీసం 20 దాటాలి. అందుకే లిట్టరుకు ఎండు పదార్థం కలపాలి. ఊక ఇప్పటికే ఉంది కదా అని వదిలేయకూడదు, ఊక చాలా నెమ్మదిగా కుళ్లుతుంది.

వరిగడ్డి మనకు సులభంగా దొరికే పదార్థం. కోత యంత్రంతో కోసిన తర్వాత పొలంలో మిగిలి, తగులబెట్టేసే గడ్డి దీనికి బాగా పనికొస్తుంది. ముక్కలు చేసిన మొక్కజొన్న చొప్ప, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు, కొబ్బరి పీచు పొట్టు కూడా వాడుకోవచ్చు.

బ్రాయిలర్ లిట్టరుకు:
- లిట్టరు 100 కిలోలు
- జానెడు ముక్కలుగా కోసిన వరిగడ్డి 80 కిలోలు
- నీరు 120 నుంచి 150 లీటర్లు

లేయర్ కోళ్ల కేజీల కింద పడే రెట్టలో మూడు వంతులకు దగ్గరగా నీరే ఉంటుంది. దానికి సమాన బరువులో ఎండు గడ్డి కలపాలి. ముందుగా నీరు పోయకూడదు. కలిపిన తర్వాత తడి చూసి, అవసరమైతేనే చల్లాలి.

వెయ్యి బ్రాయిలర్ల బ్యాచ్‌కు, పరిచిన ఊకను బట్టి సుమారు ఒకటిన్నర నుంచి రెండు టన్నుల లిట్టరు వస్తుంది. రెండు టన్నులకు 1,600 కిలోల గడ్డి, రెండున్నర నుంచి మూడు వేల లీటర్ల నీరు కావాలి. బ్యాచ్ అమ్మకానికి వారం ముందే గడ్డి తెచ్చి పెట్టుకుంటే లిట్టరు ఒక్క రోజు కూడా పచ్చిగా నిలవదు.

తడి సరిచూసుకోవడం: కలిపిన పదార్థాన్ని పిడికెడు తీసుకుని గట్టిగా పిండాలి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు కనిపించి, ముద్ద విడిపోకుండా ఉంటే తడి సరిపోయింది. నీరు కారితే ఎక్కువైంది, మరికొంత గడ్డి కలపాలి. ముద్ద కట్టకుండా పొడిగా రాలిపోతే నీరు చాలలేదు.

కుప్ప వేసే విధానం

1. నేల మీద జానెడు మందాన గడ్డి లేదా చొప్ప పరవాలి. కింది నుంచి గాలి ఆడటానికి, కారిన నీరు పీల్చుకోవడానికి ఇది అవసరం.
2. దాని మీద కలిపిన పదార్థాన్ని పోయాలి. పొరలుగా వేసేవారు ఒక పొర గడ్డి, ఒక పొర లిట్టరు వేసి, ప్రతి పొరకూ నీరు చల్లాలి. ముందే కలిపి వేస్తే వేడి సమంగా వస్తుంది.
3. కుప్ప వెడల్పు 5 నుంచి 6 అడుగులు, ఎత్తు 4 నుంచి 5 అడుగులు ఉండాలి. పొడవు లిట్టరును బట్టి ఉంటుంది. రెండు టన్నుల లిట్టరుకు సుమారు 30 అడుగుల పొడవు వస్తుంది. పెరటి కోళ్లవారికి లిట్టరు తక్కువగా ఉన్నా, కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మూడేసి అడుగులకు తగ్గకూడదు. అంతకంటే చిన్న కుప్పలో వేడి నిలవదు.
4. పదార్థాన్ని తొక్కకూడదు. తొక్కితే గాలి ఆడక కుళ్లు వాసన వస్తుంది.
5. చివరగా పైన, పక్కల జానెడు మందాన ఎండు గడ్డి లేదా తయారైన పాత కంపోస్టు కప్పాలి. ఈ పొర వేడిని లోపల పట్టి ఉంచుతుంది, ఈగలను ఆపుతుంది.

సున్నం, బ్లీచింగ్ పౌడరు కుప్పలో కలపవద్దు. క్రిములు చస్తాయని కొందరు కలుపుతారు. సున్నం వల్ల నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. బ్లీచింగ్ వల్ల వేడి పుట్టించే సూక్ష్మజీవులే చనిపోతాయి. సున్నం ఖాళీ అయిన షెడ్డు నేలకు, కళేబరాలు పూడ్చిన గోతికి వాడుకోవాలి.

తిరగేయడం – రోజుల లెక్క

1వ రోజు: కుప్ప వేయాలి.

3వ రోజు: వేడి చూడాలి. పొడవాటి కాడ ఉన్న థర్మామీటరును రెండు అడుగుల లోతు వరకు, కనీసం నాలుగైదు చోట్ల గుచ్చి చూడాలి. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది, వాడిన ప్రతిసారీ కడిగి ఇచ్చిపుచ్చుకోవాలి. అది లేనప్పుడు ఇనుప కడ్డీని 10 నిమిషాలు గుచ్చి తీసి పట్టుకుని చూస్తారు. చేత్తో పట్టుకోలేనంత కాలితే కుప్ప వేడెక్కిందని అర్థం. కానీ అది 50 డిగ్రీలా 60 డిగ్రీలా అన్నది కడ్డీ చెప్పలేదు.

4, 7, 10, 13, 16వ రోజులు: కుప్పను తిరగేయాలి. పైన, పక్కన ఉన్న పదార్థం లోపలికి, లోపలిది బయటికి రావాలి. పారతో పైపైన కదిపితే లాభం లేదు. తిరగేసిన ప్రతిసారీ పిడికిలితో తడి చూసి, ఎండిపోతే నీరు చల్లాలి. తిరగేసిన ఒకటి రెండు రోజుల్లో వేడి మళ్లీ 55 డిగ్రీలు దాటాలి. వేడి ఆలస్యంగా మొదలైతే ఆ రోజులను లెక్కలో కలపకూడదు.

ఆ తర్వాత: వారం, పది రోజులకు ఒకసారి తిరగేయాలి. తిరగేసినా వేడెక్కని దశ సాధారణంగా 45 నుంచి 60 రోజుల్లో వస్తుంది. తర్వాత ఒక నెల కదపకుండా మాగనివ్వాలి.

కూలీల కొరత ఉన్నవారు వెదురు తడకలతో పక్కపక్కనే మూడు అరలు కట్టుకోవచ్చు. మొదటి అరలోది రెండో దానిలోకి తోడితే అదే తిరగేయడం అవుతుంది. మూడో అర మాగడానికి ఉంటుంది. పచ్చి లిట్టరు, తయారైన కంపోస్టు కలిసిపోకుండా కూడా ఇది కాపాడుతుంది.

సమస్యలు – పరిష్కారాలు

కుప్ప వేడెక్కడం లేదు: తడి చాలకపోవచ్చు, ఎక్కువ కావచ్చు, కుప్ప చిన్నది కావచ్చు. పిడికిలి పరీక్ష చేసి సరిచేయాలి.

కళ్లు మండేంత అమ్మోనియా ఘాటు: గడ్డి తక్కువైంది. మరికొంత ఎండు గడ్డి కలిపి తిరగేయాలి.

కుళ్లిన గుడ్ల వాసన: నీరు ఎక్కువై గాలి ఆడటం లేదు. ఎండు పదార్థం కలిపి, వదులుగా మళ్లీ వేయాలి.

ఈగలు, పురుగులు: పైపొర తడిగా, చల్లగా ఉంది. పైపొరను లోపలికి తిప్పి, కొత్తగా ఎండు గడ్డి కప్పాలి.

వేడి 70 డిగ్రీలు దాటింది: మేలు చేసే సూక్ష్మజీవులు చనిపోతాయి. వెంటనే తిరగేసి నీరు చల్లాలి. బాగా ఎండిన పెద్ద గుట్టల్లో వేడి పెరిగి నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

తయారైందని గుర్తించడం

- ముదురు గోధుమ లేదా నలుపు రంగులో, చేతికి వదులుగా ఉంటుంది.
- అమ్మోనియా ఘాటు పోయి, తొలకరి వానకు తడిసిన మట్టి వాసన వస్తుంది.
- గడ్డి ముక్కలు వేళ్లతో నలిపితే పొడి అవుతాయి. ఊక మాత్రం కొంత అలాగే కనిపిస్తుంది, అది లోపం కాదు.
- తడిపి తిరగేసినా వేడెక్కదు.

తడిసినా వేడెక్కకపోవడం ముఖ్యమైన గుర్తు. ఎండిపోయి చల్లబడిన కుప్ప తయారైనట్టు కనిపిస్తుంది, నీరు పడగానే మళ్లీ వేడెక్కుతుంది. అది ఇంకా పచ్చిదే.

తయారైన కంపోస్టును పచ్చి లిట్టరు ఎత్తిన పారతో తాకవద్దు. పచ్చి రెట్ట కాస్త కలిసినా చచ్చిన క్రిములు మళ్లీ చేరినట్టే.

పొలంలో వాడకం

ఎకరాకు ఒకటి నుంచి రెండు టన్నుల కంపోస్టును ఆఖరి దుక్కికి ముందు చల్లి, వెంటనే కలియదున్నాలి. ఇందులో భాస్వరం బాగా ఉంటుంది కాబట్టి ప్రతి ఏటా అదే మడికి వేయకుండా, భూసార పరీక్ష చేయించి మోతాదు నిర్ణయించుకోవాలి. రసాయన ఎరువులను ఆ మేరకు తగ్గించుకోవచ్చు.

పచ్చి లిట్టరు నేరుగా వేస్తే అమ్మోనియా వల్ల మొలకలు, వేర్లు మాడిపోతాయి. ఆకుకూరలు, కొత్తిమీర, క్యారెట్, టమాటా వంటి పచ్చిగా తినే పంటల మీద సాల్మొనెల్లా చేరే ప్రమాదం ఉంది. అమెరికా సేంద్రియ సాగు నియమాల్లో పచ్చి పెంట వేసిన తర్వాత, నేలను తాకే పంటను 120 రోజుల వరకు కోయకూడదని ఉంది. నెల రోజుల్లో కోసే ఆకుకూరలకు పచ్చి లిట్టరు ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది.

డెల్టా ప్రాంతాల్లో చేపల చెరువులకు పచ్చి కోళ్ల పెంట వేసే అలవాటు ఉంది. చెరువుల మీద వాలే నీటి పక్షులు బర్డ్ ఫ్లూ వైరస్‌ను మోయగలవు. పచ్చి పెంట బండ్లు ఆ చెరువుల గట్లకూ కోళ్ల ఫారాలకూ మధ్య తిరగడం రోగానికి దారి వేయడమే.

బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే

కోళ్లు ఒక్కసారిగా ఎక్కువగా చనిపోతున్నా, తల, జుట్టు వాచి నీలంగా మారినా, గుడ్లు ఉన్నట్టుండి తగ్గినా లిట్టరును కదపవద్దు, కంపోస్టు చేయవద్దు, అమ్మవద్దు. చచ్చిన కోడిని చేత్తో ముట్టవద్దు, కోయవద్దు. వెంటనే దగ్గరలోని పశువైద్యాధికారికి చెప్పాలి. 2009 నాటి జంతు అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం ఇలా తెలియజేయడం యజమాని బాధ్యత. వ్యాధి నిర్ధారణ అయితే చుట్టూ ఒక కిలోమీటరును వ్యాధి సోకిన ప్రాంతంగా, పది కిలోమీటర్ల వరకు నిఘా ప్రాంతంగా ప్రకటిస్తారు. లిట్టరు, దాణా, గుడ్లను ఏం చేయాలన్నది పశుసంవర్ధక శాఖ సిబ్బంది దగ్గరుండి చూసుకుంటారు.

రోగం దాచి లిట్టరు అమ్మేస్తే, ఆ లారీ ఆగిన ప్రతి ఊరికీ రోగాన్ని పంపినట్టే.

గుర్తుంచుకోవాల్సినవి

- లిట్టరు ఎత్తిన రోజే గడ్డితో కలిపి కుప్ప వేయాలి.
- కుప్పలో 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు వేడి, ఆ లోపు 5 సార్లు తిరగేయడం తప్పనిసరి.
- కొనేవారి సంచులు, లారీ షెడ్డు దగ్గరికి రాకూడదు. తయారైన కంపోస్టును సొంత సంచుల్లో నింపి, గేటు బయట అప్పగించాలి.
- లిట్టరు తీసిన తర్వాత షెడ్డును కడిగి, సున్నం వేసి, కనీసం రెండు వారాలు ఖాళీగా ఉంచాలి.
- బ్యాచ్ పుస్తకంలోనే ఒక పేజీ కుప్పకు కేటాయించి, వేసిన తేదీ, వేడి, తిరగేసిన రోజులు రాసుకోవాలి. ఆ బ్యాచ్‌లో ఏ రోగం వచ్చిందో కూడా పక్కనే రాయాలి. తర్వాతి బ్యాచ్‌లో అదే రోగం మళ్లీ కనిపిస్తే కారణం వెతకడానికి ఆ పేజీ ఉపయోగపడుతుంది.

సందేహాలుంటే మీ మండల పశువైద్యాధికారిని, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించండి. కిసాన్ కాల్ సెంటర్ ఉచిత నంబరు 1800-180-1551కు ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు.